బిషప్ పీఠానికి వెస్లీ పేరు

కరీంనగర్‌లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) వారి పెద్ద చర్చి పేరు వెస్లీ కేథడ్రల్. బిషప్ గారి పీఠం ఉండేది అందులోనే. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ మాత్రం జన్మలో బిషప్ కాలేదు. పైగా అమెరికాలో తన అనుచరుడు ఫ్రాన్సిస్ ఆస్బరీ ఆ బిరుదు పెట్టుకున్నాడని తెలిసి 1788లో ఘాటైన ఉత్తరం రాశాడు. అలాంటి మనిషి పేరు బిషప్ కూర్చునే చర్చికి ఎలా వచ్చిందో తెలియాలంటే, ఉత్తర తెలంగాణ సంఘాల్లో ఎవరు పని మోశారో, ఎవరు పెత్తనం చేశారో వేర్వేరుగా చూడాలి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్ మీదుగా నిజాం రాజ్యపు పల్లెల్లోకి వచ్చారు. వాళ్ల పద్ధతిలో కొన్ని ఊళ్లు కలిపితే ఒక సర్క్యూట్. పాదిరి కొన్నేళ్లకోసారి బదిలీ అవుతాడు. ఊళ్లో ఉండిపోయేవాళ్లే సంఘాన్ని నడపాలి. చిన్న గుంపుకొక నాయకుడు, లెక్కలకొక మనిషి, ప్రసంగానికి స్థానిక బోధకుడు ఉండాలని ఇంగ్లండ్‌లో వెస్లీ పెట్టిన కట్టుబాటు. మానేరు, గోదావరి మధ్య పల్లెల్లో ఈ బరువంతా ఉపదేశి మీద పడింది. ఆయనే బడి పంతులు, ఆదివారం ఆరాధన నడిపేదీ ఆయనే. తగువొస్తే ముందు ఆయన గుమ్మంలోకే వచ్చేవాళ్లు. ఇళ్లలోపలికి వెళ్లి స్త్రీలతో మాట్లాడే పని బైబిల్ స్త్రీలది.

సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరి పంచాయితీలో దూరంగా నిలబడాల్సిన మనిషి ఇక్కడ సంఘ పెద్దగా కూర్చొని తీర్పు చెప్పాడు. ఇది చిన్న మార్పు కాదు. అయితే జీతాలిచ్చే సంచి మాత్రం మిషనరీ దొర చేతిలోనే ఉండేది. పక్కనున్న మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ ఎన్నో ఏళ్లు మకాం వేశాడు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మహా చర్చిని కట్టించాడు. కరువులో జనానికి కూలీ, కూడు దొరికాయి, కాదనలేం. కానీ ఒక్క మనిషి నీడ అంత పెద్దగా పరుచుకున్నప్పుడు కింద పెద్దల మాటకు ఎంత విలువుంటుంది? పని తొందరగానే కిందికి దిగింది. పెత్తనం దిగడానికే దశాబ్దాలు పట్టింది.

దక్షిణాన డోర్నకల్‌లో కథ వేరుగా మొదలైంది. అక్కడి మిషన్ తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో నడిపినది. దాని వెనకున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తెల్లవాళ్ల మీద నల్ల బిషప్ ఏమిటని మిషనరీల్లో కొందరు గొణిగారు. ఆయన ఎద్దుబండి మీద, సైకిలు మీద ఊళ్లు తిరిగి తెలుగువాళ్లను గురువులుగా అభిషేకించాడు. బాప్తిస్మం పొందినవాళ్లు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పైకి అనాలి. ఆ ఏర్పాటు కూడా ఆయనదే. ప్రకటించడం జీతగాడి పని అనుకునే అలవాటును ఆయన మొదటి రోజే విరగ్గొట్టాడన్నమాట.

డబ్బు సంగతీ అలాగే. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోస్తుంది, ఆదివారం అది చర్చికి చేరుతుంది. కోత పండుగ నాడు చూడాలి! గద్దె ముందు వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ఆరాధన కాగానే వేలం. సంఘ పెద్ద కోడిని పైకెత్తి పాట మొదలుపెడతాడు, ట్రెజరర్ పక్కన కూర్చొని పేరు, మొత్తం రాసుకుంటాడు. పాడుకున్నవాడు కొన్నిసార్లు అదే కోడిని మళ్లీ కానుకగా ఇచ్చేస్తాడు, వేలం మళ్లీ మొదలు. నన్నడిగితే ఆ రిజిస్టరే అసలు విప్లవం. తమ డబ్బు లెక్క తామే రాసుకునేవాళ్లు ఎవరికీ అంత తేలిగ్గా లొంగరు.

1919లో తరంగంబాడిలో అజరయ్య సహా 33 మంది సమావేశమై, సంఘాలన్నీ ఒక్కటి కావాలన్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. చర్చలు 28 ఏళ్లు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. బిషప్ అంటే పడని సంప్రదాయాలవాళ్లు బిషప్‌ను ఒప్పుకున్నారు, బదులుగా బిషప్ మహాసభకు లోబడి నడవాలన్నారు. ఒక పాదిరి కింది ఊళ్లకు పాస్టరేట్ కమిటీ, దాని పైన బిషప్ ప్రాంతానికి, అంటే డయాసిస్‌కు మహాసభ, ఆ పైన సంఘమంతటికీ సినాడ్, అన్నిట్లోనూ గురువులతో పాటు సామాన్య విశ్వాసులు. బిషప్ ఎంపికలోనూ ముందు పేర్లు పంపేది మహాసభే. అలా మెథడిస్టు కరీంనగర్ డోర్నకల్ బిషప్ కిందికి చేరి, 1978లో విడిపోయి సొంత డయాసిస్ అయింది. వెస్లీ పేరు అక్కడ నిలిచింది.

ఆదిలాబాద్ కతోలికులది ఇంకో దారి. 1962లో కేరళ కార్మెలైట్ (సి.ఎం.ఐ.) గురువులకు అప్పగించిన చాందా మిషన్ నుంచి 1999లో ఆదిలాబాద్ వేరు మేత్రాసనమైంది. జోసెఫ్ కున్నత్ తొలి బిషప్. అక్కడ విచారణ (పారిష్) సంఘాలు సలహా చెబుతాయి, తుది మాట గురువుదీ బిషప్‌దీ. ఓటు లేదు కనుక ఓట్ల తగాదా కూడా తక్కువ.

తగాదాలంటే, సి.ఎస్.ఐ.లో వాటికి కరువు లేదు. ఎన్నికల వివాదాలు, బిషప్పుల పదవీ విరమణ వయసు పెంచే సవరణ, ఆస్తుల లెక్కలు హైకోర్టు మెట్లెక్కాయి. అధికారం పంచితే కొట్లాట వస్తుందని పెదవి విరిచేవాళ్లున్నారు. పంచకముందు కొట్లాట లేకపోవడానికి కారణం శాంతి కాదు, అడిగే హక్కు లేకపోవడం. అసలు లోటు మరోచోట ఉంది. బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి సంఘాలు నిలబెట్టినా, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్‌గా ఇ. పుష్పలలిత నంద్యాల పీఠమెక్కింది 2013లో.

పల్లెల్లో ఇప్పటికీ ఒక అయ్యగారికి చాలా ఊళ్లుంటాయి. ఆయన రాని ఆదివారం వాక్యం చదివేదీ, రోగి ఇంటికెళ్లి ప్రార్థన చేసేదీ, చావుకు ముందుగా చేరేదీ సంఘ పెద్దే. అందుకు ఆయనకు జీతం లేదు. బిషప్ పేరు పంపే మహాసభలో మాత్రం పాస్టరేట్ ప్రతినిధిగా పోతేనే ఆయన చెయ్యి లేస్తుంది.