గట్టు చేరిన ఓడ

1933వ సంవత్సరమునకు పూర్వము విశాఖపట్టణమునకు వచ్చిన ఓడలు సముద్రములోనే లంగరు వేసి నిలిచేవి. సరుకును మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. వాని పలకలను మేకులతో గాక కొబ్బరి త్రాటితో కుట్టుటచే అవి అల దెబ్బకు పగులక వంగేవి. ఆ యేడు అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించినది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, త్రవ్విన కాలువ గుండా, ఓడలు గట్టు వరకు రాసాగినవి.

అలల భయము తీరినది. క్రొత్త చిక్కు వచ్చినది. వేల టన్నుల ఓడ కొద్ది వేగముతో తగిలినను గట్టు దెబ్బతినవచ్చును. వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి నాలుగు రెట్లగును గదా! కనుక టగ్గులు ఓడను గట్టునకు సమాంతరముగా, మెల్లగా నెట్టును. గట్టున అమర్చిన రబ్బరు మెత్తలు తాము నలిగి ఆ శక్తిని మ్రింగును. కుట్టు పడవ నేర్పిన పాఠమే ఇది.

పిమ్మట త్రాళ్ళు. కొన్ని ఓడను గట్టునకు అదిమిపట్టును. కొన్ని ముందువెనుకలకు కదలనీయవు. సముద్రపు పోటుకు, సరుకు దించుటకు ఓడ పైకి లేచును, త్రాళ్ళు బిగియును. ఆటుకు, సరుకు ఎక్కించుటకు అవి వదులగును. వానిని ఎప్పటికప్పుడు సరిచేయుచుండవలెను. బిగిసి తెగిన త్రాడు కొరడావలె వెనుకకు కొట్టి మనిషి ప్రాణము తీయగలదు. గట్టు చేరిన ఓడకు సైతము కావలి తప్పదు.