గిరిమిట్టు కాలమున లైన్ల తనిఖీ

మన పూర్వులు కాపురముండిన కూలీ లైన్లను గూర్చి పెద్దలు చెప్పగా వినియున్నాము. ఆ లైన్లకు సర్కారు తనిఖీయు ఉండెనని పలువురెరుగరు. అది ఎవరికెంత మేలు చేసెనో విచారింతము.

1879లో లియోనిడాస్ ఓడతో ఫిజీకి ఈ వలస మొదలయ్యెను. 1916 వరకు సుమారు 61 వేల మంది వచ్చిరి. 1903 మొదలు మద్రాసునుండియు ఓడలు రాగా మన తెలుగువారును తమిళులును ఇచ్చట అడుగిడిరి. ఒప్పందము ఐదేండ్లు. నివాసము చూపు భారము తోట యజమానిది.

ఆ నివాసము పొడవైన కొయ్య కట్టడము. పైన ఇనుప రేకులు. ఒక్కొక్క గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందు ముగ్గురు ఒంటరి పురుషులు గాని, ఇద్దరు బిడ్డలతో ఆలుమగలు గాని ఉండవలెను. నడిమి గోడలు కప్పునంటవు. వాటిపైన తీగెల వల. ఒక గదిలోని మాటయు పొగయు ప్రక్క గదికి పోవుచుండెను.

ఇమ్మిగ్రేషను శాఖవారి ఇన్‌స్పెక్టర్లు తోటలకు పోయి లైన్లను, ఆసుపత్రులను చూచి, కూలీల మొర వినవలెను. తప్పు చేసిన యజమానిని కోర్టుకీడ్చు అధికారమును వారికి కలదు. కాగితముపై ఏర్పాటు చక్కనిదే.

ఆచరణలో ఇన్‌స్పెక్టర్లు కొందరే, తోటలు అనేకములు. అధికారి వచ్చి పోవును. ఓవర్సీయరు మాత్రము మరునాడును అచ్చటనే ఉండును. ఇట్టి స్థితిలో నోరు విప్పు ధైర్యమెవరికి? దక్షిణాదివారికి భాషయు అడ్డయ్యెను. తోటలలో వ్యవహారము హిందుస్తానీలో నడచుచుండగా, క్రొత్తగా దిగిన తెలుగువారికి ఆ భాష రాదు. యజమానులపై వచ్చిన కేసులకంటె కూలీలపై యజమానులు తెచ్చిన కేసులే మిక్కిలి హెచ్చు.

తనిఖీ వలన మేలు బొత్తిగా లేదనుట న్యాయము కాదు. తొలినాళ్లలో మిక్కుటముగా ఉండిన మరణములు తరువాత తగ్గినవి. నీటి వసతి, వైద్యము కొంత బాగుపడెను. కాని అసలు లోపము నియమములోనే ఉండెను. కొలత సరిపోయినచో గది మంచిదనిరి. ఆ గదిలో ఆడుబిడ్డకు మరుగు కలదా, దీపము పెట్టి దేవునికి మ్రొక్కుటకు జానెడు శుచియైన చోటు కలదా అని చట్టమడుగలేదు. కనుక అధికారియు అడుగలేదు.

ఆ ప్రశ్నలు బయటివారే అడిగిరి. లైన్లలో బ్రదికిన తోతారామ్ సనాఢ్యగారి హిందీ గ్రంథము 1914లో వెలువడెను. 1915లో ఆండ్రూస్, పియర్సన్ దొరలు వచ్చి కూలీలతో మాటలాడి, ఈ లైన్లలో కుటుంబ ధర్మము నిలువదని 1916లో నివేదించిరి. 1920 జనవరి 1వ తేదీన మిగిలిన ఒప్పందములన్నియు రద్దయ్యెను.

2016 ఫిబ్రవరి 20వ తేదీన విన్‌స్టన్ తుపాను 44 మంది ప్రాణములు గొని, వేలకొలది ఇండ్లను కూల్చెను. గృహనిర్మాణ నియమములు అప్పటికే ఉండెను; పల్లెలలో వాటిని చూచువారు అరుదు. కావున మనము ఇల్లు గాని, ఆలయమండపము గాని కట్టునపుడు కప్పు గోడలకు, గోడలు పునాదికి గట్టిగా బిగింపబడెనా అని మనమే అడుగవలెను. అందుండబోవువారి మాట, ముఖ్యముగా స్త్రీల మాట, ముందుగా వినవలెను. మన పెద్దలను ఎవ్వరును అడుగలేదు, మనము అడుగుదము.

శుభమస్తు.