కొత్తలాంటి పడవ: ఒక అమ్మకం మాటకు వ్యాఖ్యానం

మూలం: “కొత్తలాంటి ఫైబర్ పడవ. ఒక్క సీజనే తిరిగింది. మోటారు మంచి కండిషన్. కాగితాలన్నీ ఉన్నాయి. అర్జంటుగా అమ్మబడును.”

అవతారిక. ఈ మూలం ఏ ఒక్కరిదీ కాదు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద పడవ బేరాల్లో దొర్లే మాటల్ని నేనే ఒకచోట చేర్చాను. నేనుండే కామవరపుకోట మెట్ట ఊరు. పడవకు ఇక్కడ పెద్దగా పని లేదు. తమ్మిలేరు మాత్రం చింతలపూడి మెట్టలు దిగి, ఏలూరు పక్కగా వెళ్లి కొల్లేరులో పడుతుంది. మెట్ట రైతు డబ్బు కూడా అప్పుడప్పుడూ ఆ దారే పట్టి చేపల చెరువు కౌలుగా మారుతుంది. చెరువు చేతికొచ్చాక పడవ కావాలి. పడవను నీళ్ల మీద చూడటమే తప్ప దాని అడుగు ఏనాడూ చూడని మనిషి కోసం ఈ వ్యాఖ్యానం. హుస్సేన్ సాగర్‌లో తిప్పుకోవడానికి తెరచాప పడవ కొనేవారికీ, విశాఖలో సముద్రపు యాట్ బేరమాడేవారికీ చూడవలసినవి చాలావరకు ఇవే.

కొత్తలాంటి. అమ్మేవాడు గొప్పగా చెప్పేదీ, కొనేవాడు ముందుగా పక్కన పెట్టాల్సిందీ ఈ మాటే. పదేళ్లు తిరిగిన పడవ జబ్బులు గట్టు మీద అందరికీ తెలుసు. ఎక్కడ అతుకు పడిందో, ఎక్కడ నీరు ఊరుతుందో పక్క చెరువు కాపలాదారును అడిగినా చెబుతాడు. ఏడాది పడవ జబ్బులు ఇంకా లోపలే ఉంటాయి. కట్టేటప్పుడు జరిగిన తప్పు కొన్నాళ్లు బరువు మోసి, దెబ్బలు తిన్నాకే బయటికొస్తుంది.

నౌకాదళం వారి తెరచాప నౌక ‘తారిణి’నే చూడండి. గోవాలో కట్టిన ఈ 55 అడుగుల నౌక 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది. ఆ సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దాని మీద భూప్రదక్షిణకు బయల్దేరారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 2018 ఏప్రిల్‌లో, తిరుగుదారిలో హిందూ మహాసముద్రంలో ఉండగా, చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయించింది. ప్రణాళికలో లేకపోయినా మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి, బాగు చేయించుకుని, మే 21న గోవా చేరారు. నౌక వయసు అప్పటికి ఏడాది దాటి కొద్ది నెలలే. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టి వచ్చిన నౌక కదా, ఆ మాత్రం అరుగుదల ఉండదా అంటారు. నేననేదీ అదే: పడవ వయసు దానికి పడిన పనిలో ఉంటుంది. కాబట్టి పడవను గట్టెక్కించి, చుక్కాని కింది అంచు పట్టుకుని అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ ఊపండి. వదులుంటే చేతికి తెలుస్తుంది. నీళ్లలో ఉన్నప్పుడు తెలియదు.

ఫైబర్. కొల్లేటి లంకల్లో తాటి మాను తొలిచి చేసిన దోనెలుండేవి. ఆ దోనె చీలితే చీలినట్టు కనబడుతుంది, పుచ్చితే గోరు దిగుతుంది. ఫైబర్ అలా కాదు, జబ్బును రంగు కింద దాచుకుంటుంది. గాజు నారను రెసిన్‌తో తడిపి పొరలు పొరలుగా పేర్చితే తయారయ్యేదే ఫైబర్. పైన నిగనిగలాడేది జెల్‌కోట్ అనే పలుచని పూత. పొరల మధ్య గాలి మిగిలినా, రెసిన్ సరిగా గట్టిపడకపోయినా బయటి నునుపులో ఆ సంగతి తెలియదు.

అందుకే చెవిని నమ్మాలి. రూపాయి బిళ్లతో పడవ అడుగంతా జానెడు దూరం విడవకుండా తట్టుకుంటూ పోండి. గట్టి చోట స్పష్టంగా టక్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, బోలుగా మోగుతుంది. తేడా ఒకసారి విన్నాక ఎవరూ నేర్పనక్కర్లేదు. తరవాత ఉదయం ఏటవాలు ఎండలో పడవ పక్కన కూర్చుని అంచు వెంబడి చూడండి. రెండు చెక్కల మీద నెలల తరబడి ఎండలో పడేసిన పడవ ఆ చెక్కల దగ్గర లోపలికి నొక్కుకుపోతుంది. నక్షత్రంలా ఒక బిందువు నుంచి విచ్చుకున్న సన్నని పగుళ్లుంటే అక్కడ దెబ్బ తగిలిందన్నమాట. లోపలి వైపు అదే చోట గాజు నార తెల్లబారిందేమో చూడండి. లోపల బాగుంటే పూత పగులుతో సరిపెట్టుకోవచ్చు. తెల్లబారితే దెబ్బ లోతుకు దిగింది.

పొక్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నీళ్లలోనే పడి ఉన్న ఫైబర్‌లోకి తేమ మెల్లగా ఇంకి, రెసిన్‌లో కరిగే పదార్థాలతో కలిసి, పూత కింద పొక్కులు లేపుతుంది. చిదిమితే వెనిగర్ వాసన వేసే ద్రవం కారుతుంది. ఉప్పునీటి కంటే మంచినీరు, చల్లటి నీటి కంటే వెచ్చటి నీరు ఈ పనిని త్వరగా చేస్తాయి. కొల్లేరు మంచినీటి సరస్సు, ఎండల సంగతి మనకు తెలిసిందే. మామూలుగా పొక్కులకు ఏళ్లు పడతాయి గాని, నాసిగా కట్టిన పడవకు అంత ఓపిక ఉండదు. గట్టెక్కించిన వెంటనే చూడండి, ఎండకు ఆరితే పొక్కు అణిగిపోతుంది. ఏడాది పడవకు అడుగున కొత్త రంగు కనబడితే మాత్రం ఎందుకు వేయాల్సొచ్చిందని అడగండి. జవాబు కంటే జవాబు చెప్పడానికి పట్టిన సమయం ఎక్కువ చెబుతుంది.

పడవ. మోటారు బిగించే వెనక పలక దగ్గర ఎంతసేపు కూర్చున్నా ఎక్కువ కాదు. చాలా పడవల్లో ఆ పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, దానికి పైన ఫైబర్ తొడుగు. బోల్టు రంధ్రాలకు సీలు సరిగా వేయకపోతే నీరు లోపలికి దిగి చెక్క నానిపోతుంది. బయటికి ఏమీ కనబడదు. మోటారు కాలును కిందికి నొక్కి పలకను గమనించండి. వంగినా, మూలల్లో పగులు తెరుచుకున్నా, బోల్టుల దగ్గర గోధుమరంగు నీరు ఊరినా బేరం అక్కడే ఆపండి. పలక మార్చడమంటే పడవ వెనక భాగం కోయడమే. అడుగున తేలడానికి నురుగు నింపి ఉంటే అది నీళ్లు పీల్చిందేమో కనుక్కోవాలి. నలుగురు ఎత్తాల్సిన పడవకు ఆరుగురు పట్టాల్సి వస్తే బరువు ఎక్కడిదో ఆలోచించండి. తెరచాప పడవైతే గుడ్డ కుట్లను గోటితో గీరండి, ఎండకు ముందు పోయేది దారమే. స్తంభాన్ని పట్టే తీగల్లో ఒక్క పోగు తెగి ఉన్నా తీగ మొత్తం మార్చాల్సిందే.

ఒక్క సీజనే తిరిగింది. ఏ సీజను? ఏ పని? చేపల చెరువులో మేత పడవ రోజూ తవుడు, చెక్క బస్తాలు మోస్తుంది. మేత నింపిన చిల్లుల సంచులు కట్టిన వరసల వెంట కర్రలకు రాసుకుంటూ నడుస్తుంది. అక్కడ ఒక సీజనంటే తక్కువేమీ కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి కొల్లేరు ఉప్పొంగినప్పుడు లంక గ్రామాలకు పడవలే దిక్కయ్యాయి. ఆ వరదలో తిరిగిన పడవ మంచి పని చేసింది, దానికి దండం పెట్టండి, కొనేముందు మాత్రం అడుగు చూడండి. మునిగిన కంచెలు, స్తంభాలు, మోయాల్సిన దానికి మించిన జనం దాని మీద గుర్తులు వదిలి ఉంటాయి. ఉప్పుటేరు దిగువన, సముద్రం వైపు తిరిగిందంటే ఉప్పు తగిలింది. అప్పుడు తుప్పు నుంచి కాపాడటానికి మోటారుకు బిగించిన జింకు ముక్క ఎంత మిగిలిందో చూడండి.

మోటారు. వెళ్లేసరికి మోటారు వేడిగా ఉంటే మళ్లీ వస్తానని చెప్పి లేచి వచ్చేయండి. చల్లగా ఉన్న మోటారు ఎలా అందుకుంటుందో చూడటమే పరీక్ష. గేరు ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీరు కలిసింది. గుర్రపుడెక్క, తెగిన వల దారాలు ఫ్యాను ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేస్తాయి, కొల్లేట్లో నీరు కలవడానికి దారి ఎక్కువగా అదే. ఫ్యాను విప్పించి చూడండి.

మంచి కండిషన్. నాలుగు చెంబులు పాలు ఇస్తుందన్న గేదెను పూటకు పూట పితికి చూడకుండా సంతలో ఎవరూ కొనరు. పడవకూ అంతే. మీరు మోయబోయే బరువంతా వేసి, నీళ్లలో అరగంట నడిపించండి. చల్లబరిచే నీటిధార ఆగకుండా వస్తోందా, తిప్పినప్పుడు ఒక పక్కకే లాగుతోందా, ఆపాక అడుగున ఎన్ని నీళ్లు చేరాయి, ఇవి చూసుకోండి.

కాగితాలన్నీ ఉన్నాయి. ‘అన్నీ’ అంటే ఏవేవో అడగండి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. మోటారుతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ రెండూ కావాలి. సముద్రపు వేట పడవైతే ఐఎన్‌డీ-ఏపీ అని మొదలయ్యే నంబరు పడవ మీదా, పుస్తకంలోనూ ఒకటే ఉండాలి. మోటారు నంబరు కూడా సరిచూడండి. అప్పుతో కొన్న పడవకు బ్యాంకు నుంచి బాకీ లేదన్న కాగితం తప్పనిసరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగింది. దాన్ని తలచుకుని లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడాన్ని చాదస్తమని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

మెట్ట నుంచి వచ్చేవారికి మరొక్క మాట. 1999లో కొల్లేరులో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆ హద్దులోని చెరువుల గట్లను ప్రభుత్వమే తవ్వించేసింది. అందుకే పడవ కాగితాల కంటే ముందు చెరువు కాగితాలు చూసుకోవాలి.

అర్జంటుగా అమ్మబడును. ఎవరి అర్జంటు వారిది, మీది కాదు. అడ్వాన్సు ఇస్తే చిన్న కాగితం మీద షరతు రాయించండి: గట్టు మీద తట్టి చూశాక, బరువుతో నడిపి చూశాకే బేరం ఖాయం, లేకపోతే డబ్బు వాపసు. ఇందులో ఏ ఒక్కదానికి ఒప్పుకోకపోయినా, పడవ ఎంత మెరుస్తున్నా, కొనకండి.