గర్భిణుల మూర్ఛ చికిత్సలో మెగ్నీషియం సల్ఫేట్: మార్గదర్శకాలు, వైద్యుల ఆచరణ - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గర్భిణుల అధిక రక్తపోటు చికిత్సలో వైద్యులు మార్గదర్శకాలను ఎంతవరకు పాటిస్తున్నారన్న ప్రశ్నకు సాధారణంగా శాతాల్లో సమాధానం వెదుకుతారు. పాటించినవారి సంఖ్య తక్కువైతే అజ్ఞానమో, అలసత్వమో కారణమని తేల్చడం పరిపాటి. ఈ తీర్పు వెనుక ఒక ఊహ ఉంది. సరైన చికిత్స ఏనాడో స్థిరపడిందని, వైద్యుడు దాన్ని అందుకోవడమే మిగిలిందని ఆ ఊహ. మెగ్నీషియం సల్ఫేట్ చరిత్రను పరిశీలిస్తే ఈ ఊహ నిలవదు. దశాబ్దాలపాటు అమెరికా వైద్యులకు అది ప్రాణాధారమైన మందు. బ్రిటిష్ సంప్రదాయంలో చదువుకున్న వైద్యుల్లో అధికులకు అది పక్కన పెట్టదగిన లవణం. ఇరుపక్షాలూ తమ తమ పాఠ్యగ్రంథాలను శ్రద్ధగా పాటించినవే.

రక్తపోటు తెలియని కాలం

తెలుగులో గుర్రపువాతమని కూడా వ్యవహరించే ఎక్లాంప్సియా చాలాకాలం కంటికి కనిపించే మూర్ఛగానే వైద్యులకు తెలుసు. 1843లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్ మూర్ఛ వచ్చిన గర్భిణుల మూత్రంలో అల్బుమిన్‌ను గుర్తించాడు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటును కొలిచే పరికరాన్ని రివా రోచి ఇటలీలో 1896లో ప్రకటించాడు. ఆ తరువాతనే మూర్ఛకు ముందు రక్తపోటు పెరుగుతుందన్న సంగతి రోజువారీ పరీక్షలో పట్టుబడసాగింది. ప్రీఎక్లాంప్సియా అన్న భావనకు ఆధారం ఈ కొలతే. అంతకుముందు వైద్యులు రక్తం తీయించేవారు. లేదా బలవంతంగా ప్రసవం చేయించేవారు. రష్యాలో స్ట్రొగనోవ్ ఇందుకు భిన్నంగా చీకటి గది, నిశ్శబ్దం, మార్ఫిన్, క్లోరల్ హైడ్రేట్‌లతో కూడిన పద్ధతిని ప్రచారం చేశాడు. రోగిని కదిలించకుండా మత్తులో ఉంచాలన్న ఈ ఆలోచన తరువాతి యూరోపియన్ చికిత్సలపై చెరగని ముద్ర వేసింది.

రెండు సంప్రదాయాలు

జనానికి భేదిఉప్పుగా తెలిసిన మెగ్నీషియం సల్ఫేట్‌ను ఎక్లాంప్సియాలో తొలుత ప్రయోగించినది జర్మనీలో. 1906లో హార్న్ దాన్ని వెన్నెముక ద్రవంలోకి ఎక్కించాడు. 1920లలో అమెరికాలో లాజార్డ్ సిరద్వారా, డార్సెట్ కండరంలోకి ఇచ్చే పద్ధతులను ప్రకటించారు. డాలస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో జాక్ ప్రిచర్డ్ 1955లో దానికి ఒక క్రమాన్ని ఏర్పరచాడు. 1984లో 245 మంది ఎక్లాంప్సియా రోగుల అనుభవాన్ని ఆయన ప్రచురించేనాటికి ఆ క్రమం అమెరికాలో ప్రశ్నకు తావులేని ఆచారమైపోయింది. అయితే అది ఆచారమే. మరో మందుతో పోల్చి చూసి నిగ్గుతేల్చిన నిర్ణయం కాదు.

అట్లాంటిక్‌కు ఇవతల మెగ్నీషియంపై ప్రధాన ఆక్షేపణ నాడీవైద్యులది. మూర్ఛ ఏ కారణంగా వచ్చినా మూర్ఛే, దానికి మూర్ఛ మందులే వాడాలి, మెగ్నీషియం కండరాన్ని మాత్రమే సడలించి మెదడులోని అలజడిని కప్పిపుచ్చుతుంది అన్నది వారి వాదన. శరీరశాస్త్ర దృష్టితో చూస్తే ఈ వాదన బలహీనమైనదేమీ కాదు. అందువల్ల ఇక్కడ స్ట్రొగనోవ్ పద్ధతికి వారసులుగా మత్తుమందులే వచ్చాయి. మద్రాసుకు చెందిన ప్రసూతి వైద్యుడు ఎం. కె. కృష్ణ మీనన్ క్లోర్‌ప్రోమజైన్, ప్రోమెథజైన్, పెథిడిన్‌లను కలిపిన లిటిక్ కాక్‌టెయిల్ అనుభవాన్ని 1961లో బ్రిటిష్ పత్రికలో ప్రకటించాడు. ఆ పద్ధతి భారతదేశంలో ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. 1960ల చివరనుంచి డయాజిపామ్, 1980లలో ఫెనిటాయిన్ ఈ వరుసలో చేరాయి. వలసదేశపు ఆసుపత్రి అంటే బ్రిటిష్ పాఠాన్ని అప్పజెప్పే చోటు మాత్రమే అనుకునేవారు మీనన్ ఉదంతాన్ని గమనించాలి. ఇక్కడ చికిత్సా విజ్ఞానం మద్రాసునుంచి లండన్‌కు ప్రయాణించింది.

1979లో బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రన్ వైద్యశాఖలన్నింటిలోకీ యాదృచ్ఛిక నియంత్రిత పరీక్షలను అతి తక్కువగా వినియోగించుకున్నందుకు ప్రసూతి శాస్త్రానికి చిట్టచివరి స్థానం కట్టబెట్టాడు. ఎక్లాంప్సియా విషయంలో ఆ ఎత్తిపొడుపు నూటికి నూరుపాళ్లు నిజం.

1995: పోలిక

ఈ వివాదాన్ని తేల్చిన పరీక్ష ప్రధానంగా పేద, మధ్యాదాయ దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. అది యాదృచ్ఛికం కాదు. సంపన్నదేశాల్లో ఎక్లాంప్సియా అరుదైపోయింది. పోల్చడానికి సరిపడినంతమంది రోగులు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారతదేశాల ప్రసూతి వార్డుల్లోనే ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్‌నుంచి లీలియా డ్యూలీ సమన్వయపరచిన ఈ కొలాబరేటివ్ ఎక్లాంప్సియా ట్రయల్ ఫలితాలు 1995 జూన్‌లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. మొత్తం 1,687 మంది స్త్రీలు ఇందులో పాల్గొన్నారు. మెగ్నీషియం పొందినవారిలో మూర్ఛ తిరగబెట్టే ప్రమాదం డయాజిపామ్ పొందినవారికంటె 52 శాతం, ఫెనిటాయిన్ పొందినవారికంటె 67 శాతం తక్కువ. మాతృమరణాల్లోనూ తగ్గుదల కనిపించింది గాని, ఆ తేడా గణాంకపరంగా నిర్ధారణకు చాలలేదు. అదే ఏడాది పార్క్‌లాండ్ వైద్యులు అధిక రక్తపోటు గల 2,138 మంది గర్భిణులపై జరిపిన పరీక్షలో ఫెనిటాయిన్ పొందిన పదిమందికి ఎక్లాంప్సియా వచ్చింది. మెగ్నీషియం పొందినవారిలో ఒక్కరికీ రాలేదు.

1990ల ఆరంభంలో బ్రిటన్ ప్రసూతి వైద్యుల్లో మెగ్నీషియం వాడేవారు అతి స్వల్పసంఖ్యాకులు. ఫలితాలు వెలువడిన కొద్ది సంవత్సరాలకే ఎక్లాంప్సియాలో దాన్ని వాడేవారు సగానికి మించారు. వైద్యులు మొండిగా మారరన్న మాట అన్నివేళలా చెల్లదనడానికి ఇది సాక్ష్యం. ఇక మూర్ఛ రాకముందే, ప్రీఎక్లాంప్సియా దశలోనే ఈ మందు ఇవ్వవచ్చా అన్న ప్రశ్నకు 2002లో మాగ్‌పై ట్రయల్ సమాధానమిచ్చింది. 33 దేశాలకు చెందిన పదివేలమందికి పైగా స్త్రీలలో ఎక్లాంప్సియా ప్రమాదం 58 శాతం తగ్గింది. ఆ పరీక్షలో తొలి మోతాదునుంచి ఇరవైనాలుగు గంటలకు సరిపడే మందు ఒకే పెట్టెలో సిద్ధంగా ఉండేది. మామూలు వార్డులో అలా ఉండదు.

ఏ మందు అన్నది తేలాక

ప్రిచర్డ్ క్రమంలో తొలి మోతాదు పద్నాలుగు గ్రాములు: నాలుగు గ్రాములు సిరద్వారా నెమ్మదిగా, ఐదేసి గ్రాములు రెండు పిరుదుల్లోకి. భారతదేశంలో సాధారణంగా దొరికే ఆంపూల్‌లో రెండు మిల్లీలీటర్ల యాభైశాతం ద్రావణం, అంటే ఒక గ్రాము మందు, ఉంటుంది. మూర్ఛలో కొట్టుకుంటున్న స్త్రీ పక్కన నిలబడి పద్నాలుగు ఆంపూళ్లు విరవాలి. వాటిలో నాలుగింటిలోని మందును సిరకు తగినట్టు పలుచన చేయాలి. తక్కినదాన్ని పలుచన చేయకుండానే కండరంలోకి ఎక్కించాలి. ఇరవై శాతం, యాభై శాతం అన్న లెక్క అర్ధరాత్రి తప్పితే ఫలితం రోగి శ్వాసమీద పడుతుంది. మెగ్నీషియం అధికమైతే మొదట మోకాలి ప్రతీకార చర్య పోతుంది. తరువాత శ్వాస మందగిస్తుంది. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ చేతికందేలా ఉండాలి. ఈ భయాన్ని అజ్ఞానమనడం న్యాయం కాదు. మందు స్వభావం తెలిసినవారికే ఆ భయం ఉంటుంది.

భయం రెండు దారులు తీసింది. ఒకటి, మోతాదు తగ్గించడం. దక్షిణాసియా స్త్రీల శరీర బరువు తక్కువన్న కారణంతో ఢాకా వైద్యులు తొలి మోతాదు పది గ్రాములు, ఆపై నాలుగు గంటలకొకసారి రెండున్నర గ్రాములు ఇచ్చే క్రమాన్ని రూపొందించి 2001లో ప్రకటించారు. భారతదేశంలోనూ తక్కువ మోతాదు క్రమాలు వాడుకలోకి వచ్చాయి. అంతర్జాతీయ మార్గదర్శకాన్ని గీటురాయిగా పెట్టుకుంటే ఇది ఉల్లంఘన; వార్డు అనుభవాన్నిబట్టి చూస్తే వివేకం. కాని ఏ పరీక్షల ఫలితాలు మెగ్నీషియానికి ప్రామాణ్యం తెచ్చాయో వాటిలో ఈ తక్కువ మోతాదు లేదు. ప్రిచర్డ్ ఆచారాన్ని పోలిక లేదని తప్పుపట్టిన కొలతే ఈ కొత్త ఆచారానికీ వర్తించాలి. సదుద్దేశం పోలికకు బదులు కాజాలదు.

రెండోది, మందు ఇవ్వకుండానే పెద్దాసుపత్రికి పంపడం. ఇది మరింత ప్రమాదకరం. దారిలో తిరిగి మూర్ఛ వస్తే పట్టించుకునే దిక్కుండదు. ప్రాథమిక స్థాయిలో పనిచేసే ఎఎన్ఎం రిఫర్ చేసేముందు పది గ్రాములు కండరంలోకి ఇవ్వవచ్చునని 2010లో భారత ప్రభుత్వ ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. పూర్తి క్రమం సాధ్యంకాని చోట తొలి మోతాదు ఇచ్చి వెంటనే పైస్థాయి ఆసుపత్రికి తరలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మారుమూల గిరిజన ప్రాంతాల్లో ప్రసూతి నిపుణురాలికి చేరేసరికి గంటలు గడిచే చోట ఈ అనుమతి విలువ ఎంతో చెప్పనక్కరలేదు. అయితే కాగితంమీద అనుమతి దొరకగానే చేతికి ధైర్యం రాదు. వైద్యుడే జంకే ఇంజెక్షన్‌ను వైద్యుడు లేనిచోట ఎఎన్ఎం ఇవ్వాలి. ఏదైనా జరిగితే సమాధానం చెప్పవలసింది కూడా ఆమే.

ఆచరణను కొలవడం

తొలి మోతాదు తరువాత నాలుగు గంటలకొకసారి ఐదు గ్రాములు ఇవ్వాలన్నది ప్రిచర్డ్ క్రమం. అయితే ప్రతిసారీ ముందుగా మూడు విషయాలు చూడాలి: మోకాలి ప్రతీకార చర్య ఉందా, శ్వాస నిమిషానికి పదహారుకు తగ్గలేదా, గడచిన నాలుగు గంటల్లో మూత్రం గంటకు ముప్ఫై మిల్లీలీటర్లకు తగ్గలేదా. వీటిలో ఒక్కటి లోపించినా మోతాదు ఆపాలి. అందుచేత కేసు షీట్లను లెక్కించే పరిశోధకునికి ఒక చిక్కు ఎదురవుతుంది. షీటులో రాత్రి రెండు గంటల మోతాదు లేదు. నర్సు మరచిపోయిందా, మందు అయిపోయిందా, మూత్రం తగ్గినందున సరిగ్గా మార్గదర్శకం చెప్పినట్టే ఆపారా? మొదటి రెండూ ఉల్లంఘనలు. మూడోది అక్షరాలా పాటింపు. గణాంకాల పట్టికలో మూడింటికీ దక్కేది ఒకే ఖాళీ గడి. మూత్రం కొలిచిన అంకె ఆ గడి పక్కన రాసి ఉంటే తప్ప ఏది ఏదో తేలదు.