బొర్రా సున్నపురాయి: చెరిగిపోయిన పొరల చరిత్ర

మా ఉత్తరాంధ్ర తీరంలో సున్నమంటే పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేది గుల్లసున్నం. సముద్రం ఒడ్డుకు చేర్చిన గుల్లలను బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి విరియబెట్టి, ఇసుకతో గానుగలో నూరితే గోడ కట్టుకోవడానికి గచ్చు సిద్ధమయ్యేది. భోగాపురం చుట్టుపక్కల కనబడేవి ఇసుక తిన్నెలు, ఎర్రనేలలు, అక్కడక్కడా తలలెత్తిన ఖోండలైటు గుట్టలు. సున్నపురాతి గనులు కావు. మరి ఈ ప్రాంతపు సున్నపురాయి ఎక్కడున్నది? పడమటి దిక్కున అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల్లో ఉన్నది. అందరూ చూసి వచ్చే గుహలే అవి. అయితే ఆ గుహలను మోస్తున్న రాతి చరిత్రను పట్టించుకునేవారు తక్కువ.

తెలుగునేలపై సున్నపురాయి రెండు విధాలుగా కనిపిస్తుంది. కర్నూలు, కడప సీమల్లో అది పుస్తకంలోని పుటల వలె పొరలు పొరలుగా పరచుకుని ఉంటుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఆ పొరలను వరుసగా చదివి, 1872లో కడప, కర్నూలు శిలాశ్రేణులపై గ్రంథం వెలువరించాడు. కర్నూలు శ్రేణిలో అడుగున బనగానపల్లె ఇసుకరాయి, దానిపై నార్జి సున్నపురాయి, ఆపైన ఔకు పలకరాయి, పాణ్యం క్వార్ట్‌జైటు, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ మీద నంద్యాల పలకరాయి ఉంటాయి. ఆ పేర్లన్నీ మన ఊళ్ళవే. బెలుం గుహలు తొలిచింది నార్జి సున్నపురాతినే. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న చిన్న సూత్రం ఒక్కటి తెలిస్తే చాలు, అక్కడ కాలక్రమం కంటికే కనబడుతుంది.

బొర్రాలో ఆ సూత్రం పనిచేయదు. అక్కడి రాయి కూడా ఒకనాడు సముద్ర గర్భంలో పేరుకున్న సున్నపు మడ్డే. కానీ దాదాపు వంద కోట్ల సంవత్సరాల క్రితం తూర్పు కనుమల శిలలు భూగర్భంలో ఎంతో లోతుకు కుంగి, 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడికి లోనై, మడతలు పడి, తిరిగి పైకి వచ్చాయి. ఆ వేడిలో బంకమట్టి ఖోండలైటు అయింది; సున్నపురాయి స్ఫటికీకరించి పాలరాయి అయింది; మట్టి, ఇసుక కలిసిన చోట్ల డయాప్సైడ్ వంటి పచ్చని ఖనిజాలు పుట్టాయి. కలహండి ప్రాంతాన్ని పరిశీలించిన టి.ఎల్. వాకర్ 1902లో అక్కడి కోదు గిరిజనుల పేరున ఈ రాతికి ఖోండలైటు అని పేరు పెట్టాడు. మడతల్లో ఏది కిందిదో, ఏది పైదో తలకిందులైపోయింది. పుస్తకం కాలిపోలేదు గాని, పుటల సంఖ్యలు చెరిగిపోయాయి.

ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. అంత వేడికి గుల్ల బట్టీలో సున్నమైపోతుంది కదా, రాయి ఎందుకు కాలేదు? ఈ ప్రశ్న రెండు వందల ఏళ్ళ నాటిది. పందొమ్మిదవ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఎడిన్‌బరోలో సర్ జేమ్స్ హాల్ సున్నపురాతి పొడిని తుపాకీ గొట్టాల్లో బిగించి మూసి, కొలిమిలో కాల్చాడు. బొగ్గుపులుసు వాయువు బయటికి పోయే దారి లేక, పొడి సున్నం కాకుండా పాలరాతి వంటి గట్టి రాయి అయింది. బట్టీకి పైకప్పు లేదు. బొర్రా రాతికి మైళ్ళ మందాన కొండే కప్పు. తేడా అంతే.

గుహల చరిత్ర దగ్గరికి వస్తే, విలియం కింగ్ పేరు మళ్ళీ ఎదురవుతుంది. 1807లో భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఆయన బొర్రా గుహలను కనుగొన్నాడని పర్యాటక పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ సంస్థ ఏర్పడిందే 1851లో. కింగ్ విశాఖపట్నం జిల్లా భూగర్భ వివరణను ప్రచురించింది 1886లో. సంస్థకు అధిపతిగా ఉన్నది 1887 నుండి 1894 వరకు. 1807 అన్న సంవత్సరం వీటిలో దేనితోనూ పొసగదు. ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తిరాయడం వల్ల అచ్చులో స్థిరపడిన తేదీ ఇది. పైగా ఆ కొండ ప్రజలకు గుహ ముందే తెలుసు. పైకప్పు కన్నంలో నుండి ఆవు లోపల పడిందనీ, వెతుకుతూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందనీ చెప్పే స్థలకథలో గోస్తనీ నది పేరు కూడా దాగి ఉన్నది. కనుగొన్నవాడి పేరు లేకపోవచ్చు గాని, ఆ కథలో కనుగొన్నవాడు మాత్రం ఉన్నాడు.

1997 జులై 11న ఈ రాయి సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది. బొర్రా ప్రాంతంలోనూ, అనంతగిరి మండల గిరిజన గ్రామాల్లోనూ కాల్సైటు తదితర ఖనిజాల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన కౌళ్ళను సమత అనే సంస్థ సవాలు చేసింది. హైకోర్టులో నెగ్గలేకపోయినా, ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఇద్దరి అభిప్రాయం దానికి అనుకూలంగా వచ్చింది. '1/70'గా ప్రసిద్ధమైన భూబదలాయింపు నిబంధనలో 'వ్యక్తి' అన్న మాటకు ప్రభుత్వం కూడా లోబడుతుందనీ, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇవ్వడం చెల్లదనీ ఆ తీర్పు సారాంశం. కాల్సైటు అంటే మరేమో కాదు, సున్నపురాతికి ప్రాణమైన ఖనిజమే. అది గుహలో ఉంటే అందం, లారీలో ఉంటే సరుకు. వంద కోట్ల ఏళ్ళ రాయి ఎవరిదన్న ప్రశ్నకు ఒక్క మాట అర్థం మీద జవాబు తేలింది.

రాతి వయసుతో పోలిస్తే గుహల వయసు స్వల్పం. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కి రాతిని కరిగిస్తుంది. కప్పు నుండి బొట్టు బొట్టుగా జారేటప్పుడు కరిగిన సున్నాన్ని మళ్ళీ వదిలిపెడుతుంది. భక్తుడు లింగమన్నదీ, విద్యార్థి స్టాలగ్మైట్ అన్నదీ ఆ బొట్ల పనే. మిగిలిన సున్నాన్ని మోసుకుని గోస్తనీ కొండ దిగి, తాటిపూడి జలాశయం దాటి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోస్తనీ వంటి లెక్కలేనన్ని నదులు తెచ్చిపోసిన సున్నంతోనే కడలిలోని ప్రాణులు తమ గుల్లలు కట్టుకుంటాయి. అందుచేత తీరవాసి బట్టీలో కాల్చినది గుల్లే అయినా, దానిలో ఏదో ఒక కొండ అంశ ఉన్నది.

2023 మే 3న భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. అటువంటి నిర్మాణాలకు కావలసిన సిమెంటు కూడా సున్నపురాతి నుండే రావాలి. గుల్ల మారింది, బట్టీ మారింది, అవసరం మారలేదు. తమ ఊళ్ళలోని పాత సున్నపు బట్టీల, గానుగల సంగతులు తెలిసిన పెద్దలు వాటిని రాసి ఉంచితే బాగుంటుంది. రాతి పొరలు చెరిగినా ఖనిజాలు సాక్ష్యం చెబుతాయి; మనుషుల జ్ఞాపకాలకు ఆ సదుపాయం లేదు.