యాదృచ్ఛిక పాఠ్యంతో రికార్డులు నింపడం

ప్రోగ్రామును పరీక్షించడానికి పేరు, ఊరు, జిల్లా వంటి గడులున్న రికార్డులను కంప్యూటరే కల్పించిన మాటలతో నింపే పద్ధతి ఇది. ప్రతి గడికీ విడివిడిగా చీటీ తీస్తే చాలనుకుంటారు కానీ, గడుల మధ్య చుట్టరికం ఉంటుంది. టెక్కలి, పాలకొండ, బొబ్బిలి ఒక జాబితాలో, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం, విజయనగరం మరో జాబితాలో పెట్టి సమాన అవకాశంతో తీస్తే, సగటున మూడింట రెండు రికార్డులు తప్పుతాయి. బొబ్బిలి శ్రీకాకుళంలోకి వెళ్లిపోతుంది. కాబట్టి ముందు ఊరిని ఎంచి, దాన్నిబట్టి జిల్లా రాయాలి. ఏ ఊరు ఏ జిల్లాదో చెప్పే పట్టికకూ తేదీ ఉండాలి: 2022 ఏప్రిల్ 4న మన్యం జిల్లా ఏర్పడేదాకా పాలకొండ శ్రీకాకుళం జిల్లాదే.

ఇంత పొందికగా ఉంటే లోపాలు బయటపడవు, గజిబిజి అక్షరాలే మేలు అనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల నుంచి గుడ్డిగా ఏరితే గుడిదీర్ఘంతో మొదలయ్యే పేరు కూడా వస్తుంది. దాన్ని ప్రోగ్రాము తట్టుకోవాలి. అయితే అసలు పేర్లు పట్టించే తప్పులు వేరు. ‘శ్రీకాకుళం’లో కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలే; యూనికోడ్ సంకేతాలు 10, యూటీఎఫ్-8లో 30 బైట్లు. గడిని 20 బైట్లకు కుదిస్తే ఊరిపేరు మధ్యలో తెగుతుంది. ఇంటిపేరు ముందు రాసే పైడిరాజులు, అప్పలనరసమ్మలు ‘మొదటి పేరు’ గడినే తికమక పెడతారు. నిజమైన మనుషుల జాబితానే వాడేస్తే పోదా అంటే, వాళ్ల వివరాలు పరీక్షలకోసం ఇచ్చినవి కావు. ఇక యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలుపెట్టే విత్తును (సీడ్) రాసిపెట్టుకుంటే, తప్పు దొరికిన రికార్డునే మళ్లీ పుట్టించవచ్చు.