లెక్క చెప్పే వెలుగు

కరోనా కాలంలో ఆర్‌టీ-పీసీఆర్ అన్న పేరు ఇంటింటా వినబడింది. ప్రయోగశాలల్లో మాత్రం అది అంతకు చాలా ముందునుంచే మరొక పనికి కూడా వాడుకలో ఉంది: కణంలో ఒక జన్యువు ఎంత మేరకు పనిచేస్తోందో కొలవడానికి. ఆ కొలత పుట్టిన కథకంటే, దాన్ని ఎప్పుడు నమ్మవచ్చో తెలిసివచ్చిన కథే నాకు ముఖ్యమనిపిస్తుంది.

పనిచేస్తున్న జన్యువునుంచి ఆర్ఎన్ఏ నకళ్ళు తయారవుతాయి. 1970లో టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా వెల్లడించిన రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైము ఆ ఆర్ఎన్ఏను చూసి డీఎన్ఏను రాస్తుంది. 1983లో కేరీ మల్లిస్ ఊహించిన పీసీఆర్ ఆ డీఎన్ఏను ఆవృత్తికొకసారి ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. చిక్కల్లా చివర్లో వస్తుంది. ముప్ఫై నలభై ఆవృత్తులయ్యేసరికి ముడిసరుకు తరిగి, కొద్దితో మొదలైన గొట్టమూ ఎక్కువతో మొదలైన గొట్టమూ ఒకేలా కనిపించవచ్చు. కళ్ళంలో రాశిని చూసి చల్లిన గింజలెన్నో చెప్పలేము కదా!

రస్సెల్ హిగుచీ బృందం చివరిదాకా ఆగకుండా దారిలోనే చూసింది. డీఎన్ఏలో చేరితే మెరిసే ఇథీడియం బ్రోమైడును గొట్టంలోనే కలిపి, అతినీలలోహిత కాంతిలో పెరిగే వెలుగును కెమెరాతో పట్టింది. 1992, 1993లలో ఆ ఫలితాలు వెలువడ్డాయి. వెలుగు ఒక నిర్ణీత హద్దును ఎన్నో ఆవృత్తిలో దాటిందన్నదే కొలత. మూడు ఆవృత్తులు ముందు దాటితే మొదటి సరుకు సుమారు ఎనిమిది రెట్లన్నమాట.

అయితే ఆ వెలుగు దేనిదో యంత్రం చెప్పదు. ఎంఎంఆర్ టీకావల్ల ఆటిజం వచ్చిందని అమెరికాలో కొందరు తల్లిదండ్రులు వేసిన దావాలో, పిల్లల పేగుల్లో తట్టు వైరస్ ఆర్ఎన్ఏ కనబడిందన్న ఒక ప్రయోగశాల ఫలితాలను ఆధారంగా చూపారు. 2007లో స్టీఫెన్ బస్టిన్ అక్కడ సాక్ష్యమిచ్చారు. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ మెట్టును వదిలేసినప్పుడు కూడా సంకేతం వచ్చిందని ఆయన చూపించారు. తట్టు వైరస్ తన జీవితంలో ఎన్నడూ డీఎన్ఏ రూపం దాల్చదు. కనుక ఆ వెలుగు వైరస్‌ది కాదు, బయటినుంచి చేరిన డీఎన్ఏ మాలిన్యానిది. 2009 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆ దావాను తోసిపుచ్చింది.

అదే సంవత్సరం బస్టిన్, మరికొందరు శాస్త్రజ్ఞులు ఇలాంటి ప్రయోగాలను ప్రకటించేటప్పుడు ఏయే వివరాలు తప్పక ఇవ్వాలో నియమాలు రూపొందించారు. ఎంజైము వేయని గొట్టం ఏం చెప్పిందన్నది వాటిలో ఒకటి. ఎన్నో కుటుంబాల ఆశనూ, ఒక టీకాపై లోకానికున్న నమ్మకాన్నీ మోసిన ప్రశ్నకు జవాబు, ఏ వెలుగూ రాకూడని ఆ గొట్టంలోనే దొరికింది.